పేర్ల దఫ్తరుకు కాపుదల: డి.ఎన్.ఎస్. యంత్రముల మరమ్మతును గూర్చి పంచాయతీ సభ్యులకు ఒక పాఠము

హుస్నాబాద్ ఎల్లమ్మ చెరువు కట్ట కానిండు, మీ ఊరి చిన్న కుంట కట్ట కానిండు, వానకాలమునకు ముందు దానిమీద నడచి చూచు పెద్దలు రెండు రకముల పనులను వేరువేరుగా ఎంచుదురు. కట్టలో బుంగ కనిపించినచో దానిని ఆనాడే పూడ్చవలెను. ఆ పనికి తీర్మానము కొరకు, మంచిరోజు కొరకు కాచియుండరు. తూమును మార్చుట, మత్తడి ఎత్తును సవరించుట, కొత్త కాలువ తీయుట అట్టివి కావు. వాటికి ఆయకట్టు రైతులను పిలువవలెను; పైరు చేతికి వచ్చువరకు ఆగవలెను; నీరు ఎటు పారునో ముందుగా లెక్క చూచుకొనవలెను. బుంగ విషయములో ఆలస్యము చేసినవారును, తూము విషయములో తొందరపడినవారును ఒకే విధముగా నష్టపడుదురు.

కంటికి కనబడని మరియొక కట్ట నేడు ప్రతి గ్రామ పంచాయతీకిని ఆధారమై యున్నది. దాని పేరు డి.ఎన్.ఎస్. దీనిని తెలుగులో ‘పేర్ల దఫ్తరు’ అని పిలుచుకొందము. కోహెడ, అక్కన్నపేట, చిగురుమామిడి, సైదాపూర్ మండలములలోని ఏ పంచాయతీ కార్యాలయములో నైనను కార్యదర్శి కంప్యూటరు ముందు కూర్చుండి ఈ-గ్రామస్వరాజ్ ను తెరచునప్పుడు మొట్టమొదట పని చేయునది ఈ దఫ్తరే. ఆర్థిక సంఘపు నిధుల చెల్లింపు గాని, ఉపాధి హామీ కూలీల హాజరు గాని, జనన మరణ ధ్రువపత్రము గాని దీనిని దాటి పోజాలదు. ఈ దఫ్తరును నడపు సాఫ్ట్‌వేర్ లో అప్పుడప్పుడు బుంగలు పడును. అప్పుడప్పుడు తూములు మారును. ఈ రెంటి భేదమును సభ్యులకు తెలియజేయుటయే ఈ పాఠము యొక్క ఉద్దేశము.

పేరు, నంబరు

గ్రామ పంచాయతీ ప్రతి ఇంటికిని ఒక నంబరు నిచ్చి రిజిస్టరులో వ్రాయును. ఊరివారు ఇంటిని యజమాని పేరుతో గుర్తింతురు. పన్ను రసీదు మాత్రము ఇంటి నంబరుపై వ్రాయబడును. పేరునకు నంబరును చూపు రిజిస్టరు తప్పైనచో ఒకరి నోటీసు మరియొకరి గడపకు చేరును.

కంప్యూటర్ల లోకమున కూడ ఇంతే. ప్రతి యంత్రమునకును ఒక సంఖ్య కలదు. పాత పద్ధతి సంఖ్యలో నాలుగు భాగము లుండును. ఒక్కొక్క భాగము 0 మొదలు 255 వరకు ఉండవచ్చును. చాలినన్ని సంఖ్యలు లేకపోవుటచే ఇంకను పొడవైన కొత్త పద్ధతియు వచ్చినది. ఇట్టి సంఖ్యలను మనుష్యులు గుర్తుంచుకొనలేరు. కావున మనము పేరు వ్రాయుదుము. పేర్ల దఫ్తరు దానికి తగిన సంఖ్యను వెదకి యిచ్చును. అటు పిమ్మట కంప్యూటరు ఆ సంఖ్య గల యంత్రముతో మాటలాడును.

మొదట ఈ పేర్లన్నియు ఒకే పట్టికలో ఉండెడివి. అమెరికాలోని స్టాన్‌ఫర్డ్ పరిశోధనా సంస్థలో దానిని వ్రాసి యుంచెడివారు. తక్కినవారు నకలు తీసికొనెడివారు. యంత్రముల సంఖ్య పెరిగిన కొలది ఆ ఒక్క పట్టిక చాలకపోయెను. 1983 లో పాల్ మొకపెట్రిస్ అను శాస్త్రజ్ఞుడు దఫ్తరును పంచిపెట్టు ఉపాయమును కనుగొనెను. ఒక్కరే అన్నియు వ్రాయుట మాని, ఎవరి భాగమును వారు వ్రాసికొందురు. పైవారు క్రిందివారి చిరునామాను మాత్రము తెలిసికొని యుందురు.

ఈ ఏర్పాటును గ్రహించుట పంచాయతీ సభ్యులకు కష్టము కాదు. ‘ఈగ్రామ్‌స్వరాజ్ డాట్ గవ్ డాట్ ఇన్’ అను పేరును కుడినుండి ఎడమకు చదువవలెను. అన్నిటికంటె పైన మూల దఫ్తరు కలదు. దానిని ఎ మొదలు ఎం వరకు 13 పేర్లతో పిలిచెదరు. ఒక్కొక్క పేరు క్రింద ప్రపంచమంతట అనేక యంత్రములు పని చేయుచుండును. మూల దఫ్తరు ‘ఇన్’ అను భారతదేశపు పేరును ఎవరు చూచుచున్నారో చెప్పును. ‘ఇన్’ ను 2003 లో ఏర్పడిన నిక్సీ అను సంస్థ చూచుచున్నది. ‘గవ్ డాట్ ఇన్’ క్రింద ప్రభుత్వ శాఖలకు పేర్లను 1976 లో స్థాపింపబడిన జాతీయ సమాచార విజ్ఞాన కేంద్రము, అనగా ఎన్.ఐ.సి., ఇచ్చుచున్నది. ఇట్లు రాష్ట్రము, జిల్లా, మండలము, గ్రామము అను మెట్లవలె ప్రశ్న క్రిందికి దిగివచ్చి తుదకు సంఖ్యను పట్టుకొనును.

తెలుగువారికి ఇందులో ఒక ప్రత్యేక స్థానము కూడ కలదు. 2011 లో మన దేశమునకు ఏడు భారతీయ లిపులలో దేశనామమును వాడుకొను అనుమతి లభించినది. వానిలో తెలుగు లిపిలోని ‘భారత్’ ఒకటి. అనగా ఆంగ్లాక్షరములు రానివారికిని తమ లిపిలో చిరునామా వ్రాయు వీలు కలిగినది.

దఫ్తరుకు జ్ఞాపకము

ప్రతి ప్రశ్నకును మూల దఫ్తరు వరకు పోవలసి వచ్చినచో పని సాగదు. అందుచే దఫ్తరు యంత్రములు రెండు రకములుగా ఉన్నవి. మొదటిది తన పేర్లను తానే వ్రాసియుంచు ‘అధికార దఫ్తరు’. రెండవది మన తరఫున అడిగి తెచ్చు ‘విచారణ యంత్రము’. ఈ రెండవది ఒకసారి తెచ్చిన జవాబును కొంతకాలము జ్ఞాపకముంచుకొనును. ఎంతకాల మనునది అధికార దఫ్తరే నిర్ణయించును. 3,600 సెకనులన్నచో ఒక గంట, 86,400 సెకనులన్నచో ఒక దినము.

హుస్నాబాద్ వారికి ఈ జ్ఞాపకము సంగతి అనుభవములోనిదే. 2016 అక్టోబరు 11 న జిల్లాల పునర్వ్యవస్థీకరణ జరిగినప్పుడు హుస్నాబాద్, కోహెడ, కొత్తగా ఏర్పడిన అక్కన్నపేట మండలములు కరీంనగర్ జిల్లానుండి సిద్దిపేట జిల్లాలో చేరినవి. చిగురుమామిడి, సైదాపూర్ మండలములు కరీంనగర్ లోనే నిలిచినవి. భీమదేవరపల్లి, ఎల్కతుర్తి మండలములు వరంగల్ అర్బన్ జిల్లాకు పోయినవి. 2021 లో ఆ జిల్లాకు హనుమకొండ అను పేరు వచ్చినది. కాగితముపై మార్పు ఒక్క దినములో జరిగినది. కాని పాత అలవాటుతో కరీంనగర్ బస్సెక్కి పోవువానికి ‘మీ దఫ్తరు ఇక్కడ లేదు’ అని చెప్పువారు ఉండవలెను. విచారణ యంత్రము కూడ పాత జవాబును జ్ఞాపకముంచుకొన్నంత కాలము పాత చోటికే త్రోవ చూపును.

ఈ జ్ఞాపకమే సౌకర్యము. ఈ జ్ఞాపకమే ప్రమాదము. ఎవడైన మోసగాడు విచారణ యంత్రమునకు తప్పుడు జవాబును నమ్మించినచో, గడువు తీరువరకు ఆ యంత్రము దానినే వేలమందికి చెప్పుచుండును. సత్యమైన పేరును సరిగా వ్రాసినవాడును దొంగ గడపకు చేరును.

బుంగలు: ఆగరాని మరమ్మతు

దఫ్తరును నడపునది ఇనుపపెట్టె కాదు. దానిలో వ్రాసియుంచిన ఆదేశముల సంపుటి. వానిలో మిక్కిలి పాతది బైండ్. 1980 తరువాతి సంవత్సరములలో కాలిఫోర్నియా విశ్వవిద్యాలయపు బర్క్‌లీ విద్యార్థులు దానిని వ్రాసిరి, తరువాత ఐ.ఎస్.సి. అను లాభాపేక్ష లేని సంస్థ దానిని పోషించుచున్నది. అన్‌బౌండ్, పవర్ డి.ఎన్.ఎస్., నాట్ మొదలైనవి మరికొన్ని. మనుష్యులు వ్రాసినవి కావున వానిలో లోపములుండును. లోపమును మూయుటకు పంపు సవరణను ‘రక్షణ సవరణ’ అందురు. అట్టివానిలో మూడింటిని ఇక్కడ వివరించెదము.

మొదటిది 2008 నాటిది. విచారణ యంత్రము ప్రశ్న పంపునప్పుడు దానిపై ఒక గుర్తు సంఖ్య వేయును. జవాబుపై అదే సంఖ్య ఉన్నచో నమ్మును. మన కార్యాలయములలో ఉత్తరముపై వేయు సంఖ్య వంటిదే ఇది. కాని ఆ సంఖ్యలు మొత్తము 65,536 మాత్రమే. అసలు జవాబు వచ్చులోపల మోసగాడు తప్పుడు జవాబులను గుప్పించినచో ఏదో ఒకటి సరిపోవచ్చును. ఒకసారి తప్పినచో జ్ఞాపకపు గడువు తీరువరకు మరల ప్రయత్నించుటకు వీలుండదని అందరును ధైర్యముగా ఉండిరి. డాన్ కమిన్‌స్కీ అను అమెరికా పరిశోధకుడు ఆ ధైర్యము వట్టిదని కనుగొనెను. లేని పేర్లను ఒకదాని వెంట ఒకటి అడుగుచు పోయినచో గడువుతో పనిలేకుండ ఎన్నిసార్లయినను ప్రయత్నింపవచ్చును. ఆయన దీనిని బజారులో చాటక సాఫ్ట్‌వేర్ తయారుచేయువారికి రహస్యముగా తెలిపెను. వారందరు కలసి ఆలోచించి 2008 జులై 8 న ఒకేసారి సవరణలను విడుదల చేసిరి. ప్రశ్న బయలుదేరు ద్వారమును కూడ ప్రతిసారి మార్చుచుండుటయే ఆ సవరణ. గుర్తు సంఖ్యతో బాటు వేలకొలది ద్వారములలో ఏదో కూడ మోసగాడు ఊహింపవలసి వచ్చెను.

ఇందులో మనకు ముఖ్యమైన పాఠము తేదీలలో నున్నది. అందరును సవరించుకొనుటకు ఒక నెల వ్యవధి ఇయ్యవలెనని కమిన్‌స్కీ కోరెను. కాని రెండు వారములు నిండకముందే, జులై 21 న రహస్యము బయటపడినది. మరి కొద్ది దినములలో దాడికి పనికివచ్చు ఉపకరణములు వెలువడినవి. రక్షణ సవరణను ప్రకటించుట యనగా ‘ఇచ్చట బుంగ ఉన్నది’ అని దొంగకు కూడ చెప్పుటయే. పూడ్చుకొన్నవానికి మేలు, పూడ్చుకొననివాని ప్రమాదము ప్రకటనకు ముందుకంటె తరువాతనే ఎక్కువ.

రెండవది 2015 జులై 28 నాటిది. ప్రత్యేకముగా కూర్చిన ఒక్క ప్రశ్నను పంపినచో బైండ్ పని చేయుట మానివేయునని తెలిసినది. జవాబు తప్పుట కాదు, దఫ్తరే మూతపడుట. ఏర్పాటులను అటునిటు మార్చి తప్పించుకొను ఉపాయమును లేకుండెను; సవరించిన సాఫ్ట్‌వేర్ ను పెట్టుకొనుట యొక్కటే మార్గము. కొద్ది దినములలోనే దాడులు మొదలైనవి.

మూడవది 2024 నాటిది. 2008 అనుభవము తరువాత ప్రతి జవాబునకును ముద్ర వేయు పద్ధతికి ఆదరణ పెరిగినది; 2010 జులై 15 న మూల దఫ్తరుకు కూడ ఈ ముద్ర పడినది. ముద్రను పరీక్షించు యంత్రము తప్పుడు జవాబును తిరస్కరించును. ఇది గొప్ప రక్షణయే. కాని జర్మనీ పరిశోధకులు ఆ పరీక్షలోనే ఒక బుంగను చూచిరి. ఒక జవాబులో లెక్కకు మిక్కిలి తాళపుచెవులను, లెక్కకు మిక్కిలి ముద్రలను కూర్చి పంపినచో, యంత్రము ప్రతి చెవిని ప్రతి ముద్రతో సరిచూచుచు తక్కిన పనులన్నిటిని మరచిపోవును. బైండ్ నడుపు యంత్రమును ఒక్క జవాబుతో 16 గంటల వరకు నిలుపవచ్చునని వారు చూపిరి. దీనికి ‘కీ ట్రాప్’ అని పేరిడిరి. లోపమునకు మూలము 1999 నాటి నియమములలోనే ఉన్నది. అనగా రెండు పదులకు పైగా సంవత్సరములు ఎవరి కంటను పడలేదు. 2024 ఫిబ్రవరి 13 న బైండ్, అన్‌బౌండ్, పవర్ డి.ఎన్.ఎస్., నాట్ అన్నియు సవరణలను విడుదల చేసినవి. ఒక జవాబు కొరకు ఇంతకంటె శ్రమపడరాదని హద్దు విధించుటయే ఆ సవరణలోని సారము.

కాపలా కొరకు పెట్టిన ముద్రలోనే బుంగ పడినదన్న సంగతి మనము మరువరాదు. ఒకసారి గట్టిగా కట్టితిమి గదా అని కట్టమీద నడచుట మానరాదు.

తూములు: ఆలోచించి చేయవలసిన మార్పు

సాఫ్ట్‌వేర్ లో వచ్చు రెండవ రకపు మార్పు సౌకర్యమునకు సంబంధించినది. కొత్త సదుపాయము చేర్చుదురు. పాతబడిన దానిని తీసివేయుదురు. వాడుక పద్ధతిని మార్చుదురు. వీనికి తొందర పనికిరాదు.

బైండ్ సంఖ్యలను చూచిన ఈ భేదము కొంత తెలియును. కీ ట్రాప్ బుంగను మూసిన సంపుటులలో ఒకటి 9.18.24. ఇందు 9 వంశమును, 18 శాఖను, 24 ఆ శాఖలోని మరమ్మతు వరుసను తెలుపును. మూడవ అంకె మాత్రమే పెరిగినచో సాధారణముగా అది పాత శాఖకు మరమ్మతు. నడిమి అంకె మారినచో శాఖయే మారినది. తూము మారినదని గ్రహింపవలెను. నడిమి అంకె సరిసంఖ్య యైనచో స్థిరమైన శాఖ. బేసి యైనచో ప్రయోగములకు ఉద్దేశించినది.

శాఖ మారినప్పుడు ఏమగునో ఒక ఉదాహరణము. ముద్రలను తనంతట తానే వేయుటకు బైండ్ లో ‘ఆటో-డిఎన్‌ఎస్‌సెక్’ అను ఆదేశ ముండెడిది. దానికి బదులు ‘డిఎన్‌ఎస్‌సెక్-పాలసీ’ అను మెరుగైన పద్ధతి వచ్చినది. 2024 లో వచ్చిన 9.20 శాఖలో పాత ఆదేశమును తీసివేసిరి. ముందుగా ప్రకటనలు చదివి తన పట్టికను సవరించుకొన్నవాడు సుఖముగా దాటెను. చదువక శాఖను మార్చినవాని యంత్రము పాత ఆదేశమును చూచి అసలు మొదలుకానే కాదు. ఇందు దొంగ ఎవడును లేడు. నష్టము మాత్రము దొంగ చేసినంతయు కలుగును.

ప్రపంచమంతయు కలసి జాగ్రత్తగా చేసిన మార్పు కూడ ఒకటి కలదు. మూల దఫ్తరు ముద్రకు ఆధారమైన పెద్ద తాళపుచెవిని 2017 అక్టోబరు 11 న మార్చవలెనని నిర్ణయించిరి. కొంచెము ముందు లెక్క చూడగా, కొన్ని విచారణ యంత్రములు కొత్త చెవిని ఇంకను అందుకొనలేదని అనుమానము కలిగెను. నిర్వాహకులు పట్టుదలకు పోక ఒక సంవత్సరము ఆగిరి. అందరిని హెచ్చరించి, 2018 అక్టోబరు 11 న మార్చిరి. పెద్ద చిక్కులేవియు రాలేదు. బుంగ విషయములో ఒక వారమైనను ఎక్కువే. తాళపుచెవి విషయములో ఒక సంవత్సర మాగుటయు వివేకమే.

అట్లని మార్పును ఎన్నటికిని వాయిదా వేయరాదు. ఒక్కొక్క శాఖకును ఆయుష్షు కలదు. 9.16 శాఖకు 2024 ఏప్రిల్ తో పోషణ ముగిసినది. అటువంటి శాఖను పట్టుకొని యున్నవానికి తరువాతి బుంగలకు మట్టి దొరకదు. తూము మార్పును తీరిక యున్నప్పుడు చేసికొననివాడు, ఏదో ఒక నాడు బుంగను, తూమును ఒకే రాత్రి చూడవలసి వచ్చును.

మంచి దఫ్తరుదారు ఏమి చేయును?

మంచి దఫ్తరుదారు విడుదల ప్రకటనను మొదట చదువును. అందులో రక్షణ సవరణ ఏది, సౌకర్య మార్పు ఏది అని వేరు చేయును. ప్రస్తుతపు పట్టికలకు నకలు తీసి భద్రపరచును. పట్టికలో తప్పులున్నవేమో కొత్త సంపుటితోనే ముందుగా సరిచూచును. దీనికి బైండ్ తో బాటు వచ్చు పరీక్షా సాధనము కలదు. దఫ్తరు యంత్రములను కనీసము రెండైనను వేరువేరు చోట్ల ఉంచును. ఒకదానిని సవరించి, అది సరిగా జవాబు చెప్పుచున్నదని చూచిన పిమ్మటనే రెండవదానిని ముట్టును. యంత్రముల సంఖ్య మారవలసి యున్నచో జ్ఞాపకపు గడువును ముందే తగ్గించును. ఒక దినముండెడి గడువును ఒక గంటకు, అంతకు తక్కువకు దించును. చెడినచో వెనుకకు పోవు దారిని సిద్ధముగా ఉంచుకొనును. ఏ తేదీన ఏమి చేసెనో వ్రాసియుంచును.

ఇవన్నియు పెద్ద కార్యాలయముల పనులు గదా, మాకేమి సంబంధమని సభ్యులు అడుగవచ్చును. సంబంధము మీ కార్యాలయపు గోడమీదనే ఉన్నది.

పంచాయతీ గోడమీది చిన్న దఫ్తరు

తీగద్వారా వచ్చిన ఇంటర్నెట్టును గదిలో పంచు చిన్న పెట్టెను రౌటర్ అందురు. అనేక రౌటర్లలో ‘డిఎన్‌ఎస్‌మాస్క్’ అను చిన్న సాఫ్ట్‌వేర్ పని చేయుచుండును. అది పేర్ల ప్రశ్నలను పైకి పంపి, జవాబులను జ్ఞాపకముంచుకొనును. అనగా పెద్ద దఫ్తరుకు చిన్న నకలు మీ గదిలోనే ఉన్నది. 2021 జనవరిలో దీనిలో ఏడు లోపములు బయటపడినవి. వానిలో కొన్ని తప్పుడు జవాబును నమ్మించుటకు దారి తీయునవి. 2.83 సంఖ్య గల సంపుటితో అవి సవరింపబడినవి. కాని సాఫ్ట్‌వేర్ వ్రాసినవాడు సవరించినంత మాత్రమున మీ రౌటర్ సవరింపబడదు. రౌటర్ తయారుచేసినవారు ఆ సవరణను తమ సంపుటిలో చేర్చవలెను. ఎవరో ఒకరు దానిని మీ పెట్టెలో ఎక్కింపవలెను. ఈ రెండవ పని ఎవరిదో చాల చోట్ల ఎవరికిని తెలియదు. కట్ట ఎవరిదో తెలియని చెరువు మొదట తెగును.

తప్పుడు దఫ్తరు వలన ఎంతమంది నష్టపడుదురో 2011 లో లోకమునకు తెలిసినది. ఒక ముఠా నూరుకు పైగా దేశములలో సుమారు 40 లక్షల కంప్యూటర్లలో దఫ్తరు సంఖ్యను మార్చి, తమ యంత్రముల వైపు త్రిప్పుకొన్నది. అమెరికా పోలీసులు ఆ యంత్రములను పట్టుకొనినప్పుడు వానిని వెంటనే ఆపలేకపోయిరి. ఆపినచో బాధితులందరికిని ఇంటర్నెట్టు నిలిచిపోవును. న్యాయస్థానపు అనుమతితో మంచి యంత్రములను వాని చోట నిలిపి, 2012 జులై 9 వరకు నడిపిరి. అంతకాలము తమ దఫ్తరు మారినదని తెలియనివారు లక్షలమంది!

అందుచే పంచాయతీ సభ్యులు ఈ క్రింది పనులను తమ సమావేశములో చర్చించి వ్రాతపూర్వకముగా నిర్ణయించుకొనవలెనని మేము సూచించుచున్నాము.

1. కార్యాలయపు ఆస్తుల రిజిస్టరులో రౌటర్ పేరు, రకము, కొన్న లేక ఇచ్చిన సంవత్సరము, చివర సవరించిన తేదీ వ్రాయించవలెను. అది ఇంటర్నెట్టు సంస్థవారిదైనచో సవరణ బాధ్యత ఎవరిదో వారినుండి ఉత్తరము తీసికొనవలెను.

2. తయారీదారు సవరణలు పంపుట మానినట్టి పెట్టెను మార్చుటకు పద్దు పెట్టవలెను. ‘పని చేయుచున్నది గదా’ అను వాదమును ఒప్పుకొనరాదు. బుంగ పడిన కట్టయు తెగువరకు నీటిని ఆపుచునే యుండును.

3. రౌటర్ తో వచ్చిన తొలి సంకేత పదమును తప్పక మార్చవలెను. క్రొత్తదానిని గోడమీద వ్రాయరాదు.

4. కార్యాలయము వాడు విచారణ యంత్రపు సంఖ్యను ఒక కాగితముపై వ్రాసి భద్రపరచి, మూడు నెలల కొకసారి సరిచూడవలెను. ఎవరును మార్చకయే మారినచో వెంటనే కారణము కనుగొనవలెను.

5. తెలిసిన ప్రభుత్వ పేరును వ్రాసినను తెరపై ‘ఈ చోటు నమ్మదగినది కాదు’ అను హెచ్చరిక వచ్చినచో, దానిని త్రోసిపుచ్చి ముందుకు పోరాదు. దఫ్తరు తప్పు చెప్పినను ఈ హెచ్చరిక రెండవ కాపలాగా మనల నాపును. ఆ సమయమున డిజిటల్ సంతకపు సాధనమును యంత్రమునుండి తీసివేయవలెను. సంతకము మీది, దానితో జరిగిన చెల్లింపునకు జవాబుదారియు మీరే.

6. సవరణ పేరుతో ఫోనులోనో వాట్సాప్ లోనో వచ్చు లంకెను తాకరాదు. సవరణను తయారీదారు చోటునుండి గాని, ఇంటర్నెట్టు సంస్థనుండి గాని మాత్రమే తీసికొనవలెను. డబ్బు పోయినచో ఆలస్యము చేయక 1930 నంబరునకు తెలుపవలెను. సాఫ్ట్‌వేర్ బుంగలను గూర్చిన హెచ్చరికలను 2004 నుండి పని చేయుచున్న సెర్ట్-ఇన్ అను కేంద్ర సంస్థ ప్రకటించుచున్నది. కార్యదర్శి వానిని చూచు అలవాటు చేసికొనుట మంచిది.

7. చెల్లింపులను గడువు చివరి దినమునకు పెట్టుకొనరాదు. ఆనాడే ఏదో దఫ్తరు మరమ్మతులో ఉండవచ్చును.

ఒక ప్రశ్న అడుగుడు

‘ఈ రాత్రి సేవలు నిలిపివేయబడును’ అని పైనుండి నోటీసు వచ్చినప్పుడు విసుగుకొనుట సహజము. కూలి డబ్బు కొరకు ఎదురుచూచుచున్న ముసలమ్మకు కారణములు అక్కరలేదు, డబ్బు కావలెను. ఆమె తరఫున మాటలాడవలసిన సభ్యులు విసుగుకొనుటకు బదులు ఒక ప్రశ్న అడుగవలెను: ‘అయ్యా, ఇది బుంగయా, తూమా?’ బుంగ యని చెప్పినచో ‘మంచిది, ఈ రాత్రికే పూడ్చుడు, ఆలస్యము చేయకుడు’ అనవలెను. తూమని చెప్పినచో ‘పరీక్షించి చూచితిరా? చెడినచో వెనుకకు పోవు దారి ఉన్నదా? మా చెల్లింపుల దినములు చూచుకొంటిరా?’ అని అడుగవలెను. ఈ ప్రశ్నలకు సూటియైన జవాబు చెప్పువాడు మంచి దఫ్తరుదారు. జవాబు లేనివానిని మరల ఆలోచింపజేయుటయు ప్రజాప్రతినిధి ధర్మమే.

మన పెద్దలు చెరువులు త్రవ్వించినంతనే పని ముగిసినదని తలపలేదు. తూమును విప్పుటకు, మూయుటకు నీరటిని నియమించిరి. ఏటేట కట్టకు మట్టి వేయించిరి. పూడిక తీయుట మానిన చోట చెరువు షికము భూమిగా మిగిలిన సంగతియు మన మెరుగుదుము. పేర్ల దఫ్తరు కూడ అట్టి ఉమ్మడి ఆస్తియే. రానున్న పంచాయతీ సమావేశపు కార్యక్రమములో రౌటర్ సంగతిని ఒక అంశముగా చేర్చి, దానికి బాధ్యుడైన ఒకరి పేరును మినిట్స్ పుస్తకములో వ్రాయించుడు.